ఇంట్లో గాలి ఎటు వచ్చి ఎటు పోవాలి? ఉక్కపోత ఊళ్లో ఇంటికి గాలిదారి వేసుకోవడం ఎలా

మా ఇల్లు శ్రీకాకుళంలో, నాగావళికి పెద్ద దూరం కాదు. వెయ్యి చదరపు అడుగుల డాబా, రెండు పడగ్గదులు, ఒక చిన్న సామాన్ల గది. మూడేళ్ల కిందట వానాకాలం చివర్లో అమ్మ సామాన్ల గదిలో బీరువా తలుపు తీసి గట్టిగా కేకేసింది. వెళ్లి చూస్తే పట్టుచీరల మడతల్లో తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా బూజు. పైకప్పు కారలేదు, పైపు లీకు లేదు. బీరువా జరిపి వెనక గోడ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. ఆ గోడకి అవతల మా పడగ్గది, అందులో ఏసీ.

అప్పటికి గాని విషయం అర్థం కాలేదు. మేం రాత్రంతా 20 డిగ్రీల్లో ముసుగుతన్ని పడుకుంటుంటే గోడ రెండో వైపు కూడా చల్లబడుతోంది. వంటింటి ఆవిరి, స్నానాల గది తేమ బయటికి పోయే దారి లేక ఇల్లంతా తిరిగి చివరికి ఆ గదిలోకి చేరుతున్నాయి. చల్లటి చెంబు మీద చెమట పట్టినట్టు ఆ గోడకి చెమ్మ పడుతోంది. బీరువా వెనక గాలి ఆడదు కాబట్టి బూజుకి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

మన దగ్గర గాలి బాగోలేదంటే ఫ్యాను స్పీడు పెంచుతాం, లేదా ఏసీ వేస్తాం. సీలింగు ఫ్యాను ఉన్న గాలినే కలియబెడుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా అంతే, గదిలో గాలినే లాగి, చల్లార్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట కనిపించే ఆ పెద్ద డబ్బా వేడిని బయట పారబోస్తుంది తప్ప మన ముక్కుకి కొత్త గాలి ఇవ్వదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. కొత్త గాలి ఒకవైపు నుంచి వచ్చి పాత గాలి ఇంకోవైపు నుంచి పోవాలి. దానికి దారి మనమే వెయ్యాలి. కట్టేసిన ఇంట్లో కూడా చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. నేను చేసిన వరసలోనే చెప్తాను, నేను చేసిన తప్పులతో సహా.

మొదట ఉన్న పరిస్థితి చూడండి

కావలసింది ఒక అగరుబత్తి, ఒక కాగితం, ఒక తేమ మీటరు. తేమ మీటర్లు ఆన్‌లైన్‌లో అయిదారు వందలకే దొరుకుతాయి, ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతం కూడా చూపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కొలిచేది ఖరీదు ఎక్కువ. ఎవరైనా అప్పిస్తే సరే, లేకపోయినా పని ఆగదు.

కాగితం మీద ఇంటి బొమ్మ గీయండి. ఇంజినీరు ప్లాను అక్కర్లేదు, నాలుగు గీతలు చాలు. తలుపులు, కిటికీలు, వెంటిలేటర్లు గుర్తించండి. ఏవి నిజంగా తెరుచుకుంటాయో, ఏవి సామాను అడ్డుపెట్టి శాశ్వతంగా మూసుకుపోయాయో కూడా రాయండి. మా ఇంట్లో తొమ్మిది కిటికీలుంటే అందులో నాలుగు పేరుకే.

తర్వాత అగరుబత్తి వెలిగించి ఒక్కో కిటికీ దగ్గర ఒక నిమిషం పట్టుకుని నిలబడండి. పొగ లోపలికి వాలితే గాలి వస్తోంది, బయటికి పోతే గాలి పోతోంది, తిన్నగా పైకి లేస్తే అక్కడ ఏమీ జరగడం లేదు. మధ్యాహ్నం నాలుగు గంటలకి ఒకసారి, రాత్రి పదకొండు తర్వాత ఇంకోసారి చూడండి. సముద్రం మనకి ఆగ్నేయం వైపు ఉంది, పగలు నేల వేడెక్కాక గాలి అటునుంచి లోపలికి వీస్తుంది, రాత్రి నేల చల్లబడ్డాక తిరగబడుతుంది. వేసవి సాయంత్రాలు దక్షిణపు గాలి కూడా బాగా ఉంటుంది. అయితే పక్కింటి గోడ, ఎదురింటి మూడో అంతస్తు ఈ లెక్కల్ని తలకిందులు చేసేస్తాయి. ఎవరి వీధి గాలి వాళ్లది. అందుకే అగరుబత్తి మాటే వినండి.

తేమ మీటరుని మూడు రోజులు మూడు గదుల్లో పెట్టి చూడండి. 60 శాతం లోపు ఉంటే హాయి. రోజుల తరబడి 70 పైనే ఉంటే ఆ గదిలో బూజు ఇప్పటికే మొదలై ఉండొచ్చు, మీకు కనబడకపోవచ్చు. బీరువా వెనక, మంచం తలవైపు గోడ, మూలన పెట్టిన సూట్‌కేసు అడుగున చూడండి.

ఇంకో పరీక్ష డబ్బు లేనిది. పొద్దున్నే లేచి బయటికి వెళ్లి, అయిదు నిమిషాలు నడిచి, తిరిగొచ్చి పడగ్గది తలుపు తీసి నిలబడండి. గుప్పుమని ముక్కిపోయిన వాసన కొట్టిందంటే రాత్రంతా మీరు పీల్చింది ఆ గాలినే. లోపలే ఉన్నవాడి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది, చెప్పదు.

లోపలికి ఎక్కడ, బయటికి ఎక్కడ

ఇదే అసలు పని. సూత్రం ఒక్కటే. ఆవిరి, వాసన, పొగ పుట్టే చోటు నుంచి గాలిని బయటికి లాగాలి, అంటే వంటిల్లు, స్నానాల గది, మరుగుదొడ్డి. మనుషులు ఎక్కువసేపు ఉండే చోటు నుంచి కొత్త గాలి లోపలికి రావాలి, అంటే పడగ్గదులు, హాలు. అప్పుడు గాలి మంచి చోటు నుంచి చెడ్డ చోటికి నడుస్తుంది. తిరగబడితే పోపు ఘాటు పడగ్గదికి వస్తుంది.

ఎంత గాలి కావాలన్నదానికి కూడా లెక్కుంది. అమెరికాలో ఇళ్లకి వాడే ఆష్రే ప్రమాణం ప్రకారం ఇంటి చదరపు అడుగుల్ని 0.03తో గుణించి, దానికి పడగ్గదుల సంఖ్యకి ఒకటి కలిపి 7.5తో గుణించినది చేర్చాలి. మా ఇంటికి 30, 22.5 కలిపితే 52.5, అంటే నిమిషానికి 52 ఘనపుటడుగుల పైచిలుకు. మన ఫ్యాన్ల పెట్టెల మీద గంటకి ఘనమీటర్లలో రాస్తారు కాబట్టి 1.7తో గుణించండి, సుమారు 90 వస్తుంది. మామూలు ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టె మీద ఇంతకన్నా చాలా ఎక్కువే రాసి ఉంటుంది. పైపు, షట్టరు, జాలీ అన్నీ అడ్డం పడ్డాక కూడా సరిపోతుంది. అంటే ఇల్లంతటికీ ఒక చిన్న ఫ్యాను చాలు, సరైన చోట ఉంటే.

ఆ సరైన చోటు దగ్గరే నేను దెబ్బతిన్నాను. వంటింట్లో మొదటి ఫ్యాను పెట్టించినప్పుడు మేస్త్రి కిటికీ పైనే కన్నం కొట్టాడు, అక్కడ గోడ పగలగొట్టడం తేలిక. నేను పక్కన నిలబడి ఊ కొట్టాను. ఫ్యాను వేస్తే కింద కిటికీలోంచి వచ్చిన గాలి రెండడుగులు పైకెక్కి అదే ఫ్యానులోంచి బయటికి పోయేది. పొయ్యి మీది ఆవిరి మాత్రం ఎక్కడిదక్కడే. గాలికి బద్ధకం ఎక్కువ, దగ్గరి దారి దొరికితే దూరం నడవదు. ఆర్నెల్ల తర్వాత పొయ్యికి పైన ఉన్న గోడకి మార్పించాను. "ఏటి బాబూ, గాలికి కూడా లెక్కలేటి?" అన్నాడు మేస్త్రి. లెక్క ఉంది మరి. ఫ్యాను ఒక మూల ఉంటే గాలి వచ్చే దారి దానికి వీలైనంత దూరంగా, వేరే గదిలోనో ఎదుటి గోడకో ఉండాలి.

వంటిల్లు

పప్పు పోపులో ఎండుమిరపకాయ మాడినప్పుడు ఇంట్లో అందరూ దగ్గుతారు, అది తెలిసేదే. తెలియనిది గ్యాసు మంట. అది నైట్రోజన్ డయాక్సైడ్ ఇస్తుంది, ఆవిరి ఇస్తుంది, రెండూ కళ్లకి కనబడవు. నూనె కాగితే సన్నటి ధూళి లేస్తుంది. కాబట్టి పొయ్యి వెలిగించే ముందే ఫ్యాను వెయ్యండి, ఆపేశాక కూడా పది పదిహేను నిమిషాలు తిరగనివ్వండి.

చిమ్నీ కొంటే పైపు బయటికి వెళ్లేదే కొనండి. పైపు లేని రకాలు నూనెనీ కొంత వాసననీ ఫిల్టరులో పట్టి, వేడినీ ఆవిరినీ మళ్లీ వంటింట్లోకే వదులుతాయి. మన ఉక్కపోతకి అవి దండగ, నా అభిప్రాయం అడిగితే. పైపు ఆరంగుళాలది, వంపులు ఒకటి రెండుకి మించకుండా, పొయ్యికి రెండున్నర అడుగుల లోపు ఎత్తులో చిమ్నీ. మలుపు మలుపుకీ లాగే శక్తి తగ్గుతుంది. ఇంకో మాట: చిమ్నీ అంత గాలి బయటికి తోస్తే అంత గాలీ ఎక్కడి నుంచో రావాలి. అన్నీ మూసేసి చిమ్నీ వేస్తే మోత వస్తుంది, పొగ పోదు. దూరంగా ఉన్న కిటికీ ఒకటి నాలుగంగుళాలు తీసి పెట్టండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను గోడ పైభాగంలో ఉంటుంది కదా, గ్యాసు లీకైతే అది లాగేస్తుందని అనుకోకండి. మన సిలిండరు గ్యాసు గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే వంటింట్లో కింద కూడా ఒక చిన్న జాలీ ఉండాలి, పాత ఇళ్లలో తూము అని ఉండేది గుర్తుందా. వాసన వస్తే ఫ్యాను స్విచ్చుతో సహా ఏ స్విచ్చూ ముట్టుకోకుండా తలుపులు కిటికీలు తీసి, రెగ్యులేటరు ఆపి, బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యండి.

స్నానాల గది

ఇక్కడ పని సులువు. ఆరంగుళాల ఫ్యాను, ప్లాస్టిక్ బాడీది. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇనుపవి రెండు మూడేళ్లకే తుప్పు పట్టిపోతాయి. గాలి ఆగినప్పుడు దానంతటదే మూసుకునే షట్టరు ఉండాలి, లేకపోతే బల్లులూ దోమలూ వస్తాయి. విజయనగరంలో అపార్టుమెంట్లో ఉండేవాళ్లకి అయితే షట్టరు ఇంకా ముఖ్యం. బాత్రూం కిటికీలన్నీ ఒకే డక్టులోకి ఉంటాయి, మీ ఫ్యాను ఆగి ఉన్నప్పుడు కింది వాళ్ల బీడీ వాసన మీ ఇంటికి వస్తుంది.

ఈ ఫ్యానుని ఇల్లంతటికీ ఊపిరిలాగా వాడుకోవచ్చు. రోజుకి ఎనిమిది గంటలు తిప్పినా, 25 నుంచి 30 వాట్ల ఫ్యాను నెలకి ఆరేడు యూనిట్లు మించదు. నేను పాతిక రూపాయల తాడు స్విచ్చు తీసేసి టైమరు పెట్టించాను, గంటలో ఇరవై నిమిషాలు తిరుగుతుంది. అమ్మకి మొదట అర్థం కాక రెండు రోజులు "ఎవరో ఆన్ చేసి మర్చిపోతన్నారు" అని ఆపేస్తూ వచ్చింది.

గ్యాసు గీజరు బాత్రూం లోపల ఉంటే మాత్రం ముందు దాన్ని బయటికి మార్పించండి, మిగతావన్నీ తర్వాత. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు, మనిషి కళ్లు తిరిగి పడిపోయేదాకా తెలియదు. దానికి తోడు అదే గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి నిశ్చింతగా ఉండటం ఇంకా ప్రమాదం, ఫ్యాను లాగినప్పుడు ఆ పొగ గదిలోకే తిరగబడవచ్చు.

గది నుంచి గదికి

ఫ్యాను బాత్రూంలో ఉంది, కొత్త గాలి పడగ్గది కిటికీలో ఉంది. మధ్యలో తలుపులు మూసి ఉంటే గాలి ఎలా నడుస్తుంది? ప్రతి లోపలి తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉండాలి. వడ్రంగి ఒక పూటలో కోసేస్తాడు. కోయించడం ఇష్టం లేకపోతే తలుపు పైన ఉండే వెంటిలేటరు తెరిపించండి. పాత ఇళ్లలో తలుపు నెత్తిన ఉండే ఆ అద్దాల రెక్క అందుకే పెట్టారు. మనం ఏసీ వచ్చాక అట్టముక్కలూ థర్మోకోలూ పెట్టి కప్పేశాం.

సందు సరిపోయిందో లేదో చూడటానికి ఒక చిట్కా. బాత్రూం ఫ్యాను వేసి, తలుపు మూసి, తలుపు కింద పలుచటి టిష్యూ కాగితం పెట్టండి. లోపలికి లాక్కుపోతే దారి బాగుంది.

ఏసీ గది

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కిటికీ తీస్తే కరెంటు బిల్లు, మూస్తే ఊపిరాడదు. మధ్య దారి ఉంది.

పదడుగులు పన్నెండడుగుల గది, ఎత్తు పదడుగులు అనుకోండి. ఇద్దరు పెద్దలు పడుకుని గట్టిగా మూసేస్తే రెండు మూడు గంటల్లో కార్బన్ డయాక్సైడ్ 2000 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో ఇన్ని పాళ్లు) దాటగలదు. బయట గాలిలో ఇది 420 చిల్లర. 1000 దాటిందంటే గాలి మారడం లేదని గుర్తు. విషమేమీ కాదు, కానీ పొద్దున్నే తల బరువు, నిద్ర పోయినా పోనట్టు ఉండటం, ఇవన్నీ దీంతో పాటు వస్తాయి. ఒక స్నేహితుడి మీటరు తెచ్చి మా గదిలో పెడితే తెల్లారి 2300 చూపించింది. ఆ రోజు నుంచి మా ఆవిడ నా మాట వినడం మొదలుపెట్టింది.

చెయ్యాల్సింది ఇది. ఏసీకి దూరంగా ఉన్న కిటికీ పైభాగంలో నాలుగంగుళాల పైపు కన్నం, దానికి లోపల మూత, బయట దోమల జాలీ. లేదా స్లైడింగ్ రెక్కని ఒక అంగుళం తీసి, ఆ సందుకి నురుగు గుడ్డ మీద జాలీ అతికించి బిగించండి. పడగ్గదికి ఆనుకుని బాత్రూం ఉంటే దాని ఫ్యానుని రాత్రి గంటకి పదిహేను ఇరవై నిమిషాలు తిప్పండి. అంతే. ఇద్దరికి గంటకి పాతిక ఘనమీటర్ల కొత్త గాలి వస్తే అంకె బాగా దిగుతుంది.

దీనికి కరెంటు ఎంత పెరుగుతుంది? బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రాత్రి నేను వేసుకున్న లెక్కలో ఎనిమిది గంటలకి అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ వచ్చింది. ఆ భారంలో వేడి వాటా చిన్నది, అయిదింట నాలుగు వంతులు తేమదే. ఏసీ మన ఊళ్లో ముఖ్యంగా నీళ్లు తోడుతోంది, బయట కారే ఆ పైపు చూస్తే తెలుస్తుంది. ఈ అర యూనిట్‌ని వేరే చోట సంపాదించుకోవచ్చు. 20లో పెట్టే ఏసీని 25, 26కి తెచ్చి సీలింగు ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. డిగ్రీకి సుమారు 6 శాతం ఆదా అవుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్తుంది, 2020 నుంచి కొత్త ఏసీలు 24లోనే మొదలయ్యేలా చేసింది కూడా వాళ్లే. ఫ్యాను బీఎల్‌డీసీ రకం అయితే పాత ఫ్యాను 75 వాట్లు తాగే చోట 30 వాట్లతో సరిపెడుతుంది.

మా సామాన్ల గది బూజు కూడా దీంతోనే తగ్గింది. 26లో గోడ అంత చల్లబడదు. బీరువాని గోడ నుంచి మూడంగుళాలు ఇవతలకి జరిపాం. పొద్దున్నే కిటికీ అద్దానికి బయటి వైపు చెమట పట్టి ఉంటే మీ ఏసీ మరీ చల్లగా ఉందని గుర్తుపెట్టుకోండి.

ఏసీ ఆపిన వెంటనే, వానాకాలంలో, అన్ని కిటికీలూ బార్లా తీయకండి. చల్లటి నేల మీద, గోడల మీద బయటి తేమంతా వచ్చి నీరవుతుంది. అరగంట ఫ్యాను తిప్పి గది కాస్త వేడెక్కాక తీయండి.

మెట్ల గది, పైకప్పు

డాబా మీదికి వెళ్లే మెట్ల గది ఉందా? అయితే మీకు ఉచితంగా చిమ్నీ ఉన్నట్టే. వేడి గాలి పైకి లేస్తుంది, దానికి పైన దారి ఉంటే కింద నుంచి కొత్త గాలిని తనే లాక్కుంటుంది. మెట్ల గది పైభాగంలో, వానజల్లు కొట్టని వైపు రెండడుగుల జాలీనో లూవర్లో పెట్టించండి. మండువా లోగిలి చేసే పని ఇదే. మన వైపు పాత చుట్టిళ్లలో తాటాకు కప్పు నడిమధ్య ఎత్తుగా ఉండేది, వేడి అంతా అక్కడికి చేరి ఆకు సందుల్లోంచి పోయేది. మట్టి గోడ, తాటాకు, ఏ మోటారూ లేదు.

ఈ దారి ఇంకోందుకు కూడా కావాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో అయితే చెప్పక్కర్లేదు. ఫ్యాన్లన్నీ ఆగిపోయినా ఊపిరి ఆడాలి ఇంటికి.

ఏ కాలంలో ఎప్పుడు తీయాలి

వేసవిలో, మార్చి నుంచి జూన్ దాకా, పగలు పది నుంచి నాలుగు వరకు పడమటి వైపు మూసి పరదాలు వెయ్యండి. బయట గాలి ఇంట్లో కన్నా వేడిగా ఉన్నప్పుడు దాన్ని పిలిచి లోపల కూర్చోబెట్టడం ఎందుకు? సాయంత్రం సముద్రపు గాలి తగిలినప్పుడు ఎదురెదురు కిటికీలు తీయండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మెట్ల గది జాలీ తెరిచి ఎగ్జాస్ట్ వేస్తే శ్లాబు పగలంతా తాగిన వేడి కొంత దిగుతుంది. పొద్దున ఏడుకల్లా మూసేస్తే మధ్యాహ్నం దాకా ఏసీ ఊసు రాదు.

గాలి లోపలికి వచ్చే కిటికీ కన్నా బయటికి పోయే కిటికీ కాస్త పెద్దగా ఉంటే ఇంట్లో గాలి విసురు పెరుగుతుంది. అందుకని వచ్చే వైపు ఒక రెక్క, పోయే వైపు రెండు రెక్కలు.

వానాకాలంలో బయటి గాలే తడిగా ఉంటుంది. అప్పుడు కిటికీలు బార్లా తీసి ఇల్లు ఆరిపోవాలనుకోవడం అత్యాశ. వంట, స్నానం అయ్యాక ఎగ్జాస్ట్, అంతవరకే. తడి బట్టలు హాల్లో ఆరవేస్తే మాత్రం మీరు బయటికి పంపిన తేమంతా తిరిగి వస్తుంది. బట్టలన్నీ బాత్రూంలో ఆరవేసి ఫ్యాను వెయ్యండి.

చలికాలం మనకి వరం. ఉత్తరపు గాలి పొడిగా ఉంటుంది, ఇల్లు ఆరబెట్టుకోవడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. పరుపులు ఎండలో వెయ్యండి, బీరువాలు రోజంతా తెరిచి పెట్టండి. కానీ తెల్లవారుజామున వద్దు. మంచు పట్టిన పొద్దుల్లో పొగ పైకి లేవదు, వీధిలో తగలబెట్టిన చెత్త, పొలాల్లో గడ్డి, భోగి మంటలు అన్నీ నేల మీదే తిరుగుతాయి. ఎండ ఎక్కాక తొమ్మిదిన్నర, పదికి తీసి, పొద్దు గూకకముందే మూయండి.

దోమలు, పొగ, దుమ్ము

మన ఇళ్లలో గాలి చెడటానికి అసలు కారణం దోమ అంటాను నేను. సాయంత్రం అయ్యేసరికి ఇల్లంతా మూసేస్తాం, మూసిన ఇంట్లో దోమల చుట్ట, అదే మస్కిటో కాయిల్, వెలిగిస్తాం. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. చుట్ట మీద పెట్టే డబ్బు రెండేళ్లు కూడబెడితే ఇంటి కిటికీలన్నిటికీ మెష్ వస్తుంది. మెష్ వల్ల గాలి బాగా తగ్గుతుంది, నిజమే, అందులోనూ దుమ్ము పట్టిన మెష్ గోడతో సమానం. నెలకోసారి విప్పి కడగండి.

లోపలికి గాలి తీసుకునే కిటికీ ఏ వైపు ఉండాలో కూడా చూసుకోవాలి. జాతీయ రహదారి 16 పక్కన ఉన్నవాళ్లు రోడ్డు వైపు కాకుండా పెరటి వైపు నుంచి తీసుకోండి. పలాసలో జీడి పరిశ్రమల దగ్గరున్నా, రైస్ మిల్లు పొగగొట్టం కనబడే దూరంలో ఉన్నా గాలి అటునుంచి వీచే గంటల్లో ఆ వైపు మూయండి. పూజగదిలో హారతి కర్పూరం, సాంబ్రాణి వేసినప్పుడు ఒక కిటికీ తీసి ఉంచితే దేవుడేమీ అనుకోడు.

తుఫాను జాగ్రత్త

గోడకి కొట్టిన ప్రతి కన్నం వానకి కూడా దారే. పైపుని లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగా పెట్టించండి, నీళ్లు చేరినా బయటికే పోతాయి. బయటి చివర కిందికి వంగిన మోచెయ్యి ఉండాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు లోపలి నుంచి బిగించే మూత ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. హుద్‌హుద్ రాత్రి మా బంధువుల ఇంట్లో బకెట్లు బకెట్లు నీళ్లు వచ్చింది ఎగ్జాస్ట్ కన్నంలోంచే.

కొత్తగా కడుతున్నవాళ్లకి

2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల నిర్మాణ నియమావళి మన లాంటి వేడి, తేమ ప్రాంతాలకి ఒక లెక్క చెప్పింది. తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, బయటికి తెరిచే తలుపులు అన్నీ కలిపి ఇంటి లోపలి వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. వెయ్యి అడుగుల ఇంటికి 167 చదరపు అడుగులు. ఇక్కడే మోసపోతాం. నాలుగడుగులు నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ చూడ్డానికి పదహారు అడుగులు, తెరిస్తే ఎనిమిదే. రెక్కల కిటికీ దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. షోకుకి స్లైడింగ్ అనేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

పడమర, దక్షిణం కిటికీలకి సన్‌షేడ్ రెండడుగులకి తగ్గించొద్దు. గదికి రెండు గోడలకి కిటికీలు వచ్చేలా ప్లాను గీయించండి. తర్వాత కన్నాలు కొట్టించుకునే బదులు గోడ కట్టేటప్పుడే ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కలు వంటింట్లో, బాత్రూముల్లో వదిలేయమంటే మేస్త్రికి పది నిమిషాల పని.

డబ్బున్నవాళ్లు ఈఆర్‌వీ అనే యంత్రం గురించి అడుగుతున్నారు. పోయే గాలి చల్లదనాన్నీ పొడితనాన్నీ వచ్చే గాలికి అందించే పెట్టె అది. ఇల్లంతా ఏసీ నడిపేవాళ్లకి అయితే పనికొస్తుంది. కానీ షాపువాడు హెచ్ఆర్‌వీ అంటగడితే తీసుకోవద్దు. అది వేడిని మాత్రమే మార్పిడి చేస్తుంది, తేమని కాదు. మన బాధలో అయిదింట నాలుగు వంతులు తేమే అని ముందే చూశాం కదా.

తరవాత చూసుకోవాల్సినవి

ఎగ్జాస్ట్ రెక్కల మీద నూనె జిడ్డు, దుమ్ము కలిసి తారులా పట్టేస్తే సగం గాలి కూడా లాగదు. సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు, మళ్లీ దసరాకి విప్పి వేడినీళ్లలో బట్టల సోడా కలిపి అరగంట నానబెట్టండి. విప్పేముందు మెయిన్ ఆపండి, స్విచ్చు ఆపితే చాలదు. ఏసీ ఫిల్టరు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టండి. ఏడాదికోసారి అగరుబత్తి పట్టుకుని మళ్లీ ఇల్లంతా తిరగండి, పక్కింటివాళ్లు ఇంకో అంతస్తు వేసి ఉంటే మీ గాలి మారిపోయి ఉంటుంది.

షట్టరు సరిగ్గా మూసుకోకపోతే బయటి నుంచి చూడండి. మా ఇంట్లో ఒకసారి పైపులో పిచ్చుక గూడు పెట్టింది. పిల్లలు ఎగిరేదాకా మూడు వారాలు ఫ్యాను వెయ్యలేదు, ఆ తర్వాతే జాలీ బిగించాం.